పాలు పొంగిన రోజు నుంచి అద్దె

యూసుఫ్‌గూడ,
ఏప్రిల్ 4.

ప్రసూనక్కకి, మనోజ నమస్కారాలు.

ఫోన్ చేస్తే నీ చెవి మిషను కూత పెడుతుంది. బావగారి ఫోన్‌కి మెసేజ్ పెడితే ముందు ఆయన చదివి, అందులో సగం నీకు కేకేసి చెప్తారు. ఆ సగం వీధంతా వింటుంది. అందుకని మళ్ళీ ఉత్తరమే. మంచం మీద కూచుని కాగితాలు నింపుతుంటే హాస్టల్లో అమ్మాయిలు, "ఆంటీ, ఎవరికి లవ్ లెటరు?" అని ఏడిపిస్తున్నారు. మా అక్కకేనే తల్లీ అన్నా నమ్మరు.

అసలు సంగతి విను. హరిణిగారు నన్ను నెల జీతం మీద పెట్టుకుంటామన్నారు. ఆవిడ జూబ్లీహిల్స్‌లో ఉంటారు, సినిమాలకి బట్టలు డిజైన్ చేస్తారని చెప్పాను గదా. ఒకే సీను సగం ఇవాళ తీసి మిగతా సగం నెల తర్వాత తీస్తారు. హీరోయిన్ ఏ చీర కట్టింది, కొంగు ఎంత పొడుగు వదిలింది, పిన్ను ఏ భుజానికి పెట్టింది, అన్నీ రాసి ఉంచడం నా పని. ఇన్నాళ్ళూ షూటింగ్ ఉన్న రోజున బత్తా ఇచ్చేవారు, లేని రోజున లేదు. "నీ రిజిస్టర్ ఉంటే నాకు టెన్షన్ ఉండదు మనోజా, వచ్చే సినిమా నుంచి నీకు నెల జీతం" అన్నారు. ఫిల్మ్ నగర్‌లో ఆఫీసుకి తీసుకెళ్ళి ప్రొడక్షన్ మేనేజర్ సాయిశ్రీనివాస్‌కి చెప్పారు కూడా. నెలకి ముప్పై రెండు వేలు.

అక్కా, ముప్పై రెండు వేలకి ఈ ఊళ్ళో నేనూ నా కూతురూ బతకగలమా? ఫిల్మ్ నగర్‌లో ఊరికే అడిగి చూశాను. రెండు గదులకి ఇరవై రెండు వేలన్నారు. మంచినీళ్ళు కూడా తాగకుండా మెట్లు దిగేశాను. యూసుఫ్‌గూడలో పదహారు. రహమత్ నగర్ లోపలి సందుల్లో పదమూడుకి దొరుకుతాయట. పదమూడు పోతే పంతొమ్మిది మిగులుతుంది. అందులోనే వర్ణిక బడి ఫీజు, తిండి, కరెంటు, షూటింగ్ రోజుల్లో దాన్ని చూసుకునే మనిషి. లెక్కేస్తే ఒకసారి రెండు వేలు మిగులుతోంది, ఇంకోసారి మూడు వేలు తగ్గుతోంది. నాకేమో మిగిలిన లెక్కనే నమ్మాలనుంది.

రథసప్తమికి వచ్చినప్పుడు బావగారన్న మాట నా చెవిలోంచి పోవడం లేదు. "పిల్ల అటూ ఇటూ కాకుండా వేలాడకూడదమ్మా. బడులు తెరిచేలోగా ఇల్లు చూసుకుని తీసుకెళ్ళు. కుదరదంటే మాకు దత్తత ఇచ్చెయ్, మా పిల్లగానే పెంచుకుంటాం" అన్నారు. ఆయన్ని తప్పు పట్టను. రవిచంద్ర పోయి, తండ్రి లేని పిల్లయిన ఈ మూడేళ్ళూ దానికి అన్నం పెట్టింది మీరు. మీకు పిల్లల్లేరు. కానీ నాకున్నది అదొక్కతే గదా అక్కా. ఏం చెయ్యమంటావో రాయి.

నీ
మనోజ


సామర్లకోట,
ఏప్రిల్ 12.

చి. మనోజకి, అక్క ఆశీస్సులు.

ఉత్తరం అందింది. వర్ణిక తనే చదివి వినిపిస్తానంటే లాక్కున్నాను. దత్తత మాట దాని చెవిన పడకూడదు.

జీతం ఇంకా చేతికి రాలేదు, అప్పుడే ఇల్లు, బడి, ఆయా! ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ వరస. కోపం తెచ్చుకోకు, తిట్టడానికి నాకున్నది ఒక్క చెల్లెలు. ముప్పై రెండు వేలంటే మీ బావకి గుళ్ళో మూణ్ణెల్ల జీతం. అక్కడి ధరలు నాకేం తెలుసు? నా బుద్ధికి తోచింది చెప్తాను. జీతంలో సగం దాటి అద్దెకి పెట్టకు. పదమూడంటే సగం లోపే గనక ఆ ఇల్లు చూడు.

వర్ణిక బావుంది. ఇప్పుడు నా చెవులు అదే అనుకో. కూరలబండి వస్తే పరిగెత్తుకొచ్చి నా కొంగు లాగుతుంది. కుక్కరు కూతలు అదే లెక్కపెడుతుంది. మొన్న మీ బావ విసుక్కుంటుంటే, "పెదనాన్నా, పెద్దమ్మ ఎదురుగా నిలబడి చెప్పు, అరవక్కర్లేదు" అని ఆయనకే బుద్ధి చెప్పింది. ఆయన నవ్వలేక నవ్వారు.

ఇప్పుడొక ముఖ్యమైన మాట. ఉగాదినాడు గుళ్ళో పంచాంగం చదివారు. ఈ ఇరవై ఎనిమిది నుంచి శుక్రమూఢం. జులై మొదటివారం దాకా ఒక్క మంచిరోజు లేదు. మూఢంలో కొత్తింట్లో కాపురం పెట్టకూడదు. అందుకని ముందే ఇల్లు మాట్లాడి, పాలు పొంగించి, తాళం వేసుకో. మూఢం వెళ్ళాక వచ్చి పిల్లని తీసుకెళ్ళి కాపురం పెడుదువు గాని. బడికి మూడు వారాలు ఆలస్యమైతే కొంప మునిగిపోదు. గడువు సంగతి మీ బావతో నేను మాట్లాడుకుంటాను. నువ్వు మాత్రం ఆయనకి ఫోన్ చేసి ఇది కదపకు. నేను బతిమాలి ఒప్పిస్తుంటే నువ్వు మధ్యలో ఏదో అడిగితే మొదటికే మోసం వస్తుంది.

కాకినాడలో ఒకసారి మూఢంలో ఇల్లు మారారు. నేను వద్దన్నాను. నువ్వూ రవిచంద్రా నవ్వారు. అంతకన్నా ఏమీ రాయను.

అక్క


యూసుఫ్‌గూడ,
ఏప్రిల్ 27.

అక్కా,

ఇల్లు దొరికింది! నిన్న పొద్దున్నే పాలు పొంగించాను. తూర్పు వైపుకే పొంగాయి.

రహమత్ నగర్‌లో మూడో అంతస్తు. రెండు గదులు, ఒక వంటిల్లు. వంటింట్లో ఇద్దరం నిలబడితే ఒకరు బయటికి వచ్చాకే ఇంకొకరు తిరగాలి. కానీ ముందు గదికి పెద్ద కిటికీ ఉంది. ఆ కిటికీ కింద వర్ణిక చదువుకునే బల్ల. బల్ల ఇంకా కొనలేదు, చోటు మాత్రం చీపురుతో ఊడ్చి ఉంచాను.

ఇంటామె మొదట ససేమిరా అంది. "సినిమాల పనిజేస్తవా? అయితే ఇయ్యనమ్మా. మొన్నటిదాంక గీ పోర్షన్ల ఒకాయన ఉండె, కెమెరా పని. ఒక్క నెల కిరాయి ఇచ్చిండు, నాలుగు నెలలు కథలు చెప్పిండు" అంది. నాకు నెల జీతం అమ్మా, బత్తా కాదు అని చెప్పాను. ఆ మాట అనేటప్పుడు నాకెంత గర్వంగా ఉందో నీకేం చెప్పను. "నెలనెల ఇస్తరా? గట్లయితే మంచిదే. మొగుడు ఏం జేస్తడు?" అంది. లేరన్నాను. కాసేపు నన్ను ఎగాదిగా చూసి, "పిల్ల ఉందంటివి గదా. పిల్లను తీస్కొచ్చుకో" అని తాళం చేతిలో పెట్టింది.

రెండు నెలల అడ్వాన్సు, ఒక నెల అద్దె కట్టేశాను. రవిచంద్ర పోయినప్పుడు వాళ్ళ కంపెనీ ఇచ్చిన దాంట్లో మిగిలిన ఎనభై వేలల్లో సగం అలా పోయింది. పర్వాలేదు, దాని కోసమే దాచాను.

స్టవ్వు కూడా ఇంటామెదే. పాలు పొంగాక పక్కవాటా వాళ్ళకి బొట్టు పెడుతూ నా దగ్గరికి వచ్చి ఆగిపోయింది. మళ్ళీ తనే, "ఏమైతది బిడ్డా, పెట్టుకో" అని పెట్టింది. మూడేళ్ళయింది అక్కా, నాకొకరు బొట్టు పెట్టి. అక్కడే ఏడ్చేశాను. ఆమె కంగారుపడి, "ఏడ్వకు ఏడ్వకు, పాలు పొంగిన ఇంట్ల ఏడ్వద్దు" అంది. వెంటనే కిరాయి సంగతి కూడా చెప్పింది లే. "పాలు పొంగిచ్చినవ్ గదా, ఇయ్యాల్టి సంది కిరాయి నడుస్తది. నువ్వుండు, ఉండకపో" అంది. జులైలో వస్తామంటే నీ ఇష్టమంది.

హాస్టల్‌కి ఏడున్నర, ఇంటికి పదమూడు, రెండూ కట్టుకోవాలి. రెండు నెలలే గదా. జీతం మొదలైతే సర్దుకుంటుంది. వర్ణికకి చెప్పు, వాళ్ళమ్మ దానికి కిటికీ కొన్నదని.

మనోజ


సామర్లకోట,
మే 11.

చి. మనోజకి,

ఉత్తరం చేరింది. పాలు తూర్పుకి పొంగాయంటే సంతోషం. మీ బావకి ఇంటి సంగతి చెప్పాను.

ఎండలు మండిపోతున్నాయి. వర్ణికకి వేడి చేసి నోరు పూసింది, ఇప్పుడు తగ్గింది. కిటికీ సంగతి చెప్పాను. ఎన్ని ఊచలున్నాయని అడిగింది. నీకు తెలిస్తే రాయి, దానికి లెక్క కావాలట.

నువ్వు తొందరపడి ఆ ఇంట్లోకి వెళ్ళకు. ఖాళీగా ఉంటే ఉండనీ. పిల్ల ఇక్కడ సుఖంగా ఉంది. కొత్త గౌను కుట్టించాను. నిన్న నా పక్కలో పడుకుని, "పెద్దమ్మా, హైదరాబాద్‌లో నీకు కూరలబండి ఎవరు చెప్తారు?" అంది. నేను రానుగా అన్నాను. అప్పట్నుంచీ ఆలోచిస్తోంది.

ఇంతకన్నా విశేషాలు లేవు.

అక్క


యూసుఫ్‌గూడ,
జూన్ 2.

అక్కా,

ఊచలు పదకొండు. ముందు అది రాసేశాను, తర్వాత మర్చిపోతానని.

నిన్న మే నెల జీతం కోసం ఫిల్మ్ నగర్ ఆఫీసుకి వెళ్ళాను. సాయిశ్రీనివాస్ నన్ను చూసి నవ్వాడు. వెక్కిరింత కాదు, జాలి. "జీతం ఏంటండీ మనోజగారూ, ఇంకా సినిమా మొదలెట్టే పూజే కాలేదు కదా! మన దగ్గర పూజ అయిన రోజు నుంచే జీతం. ప్రొడ్యూసర్‌గారు మూఢంలో కొబ్బరికాయ కొట్టరు. ఈ సంగతి మీకెవరూ చెప్పలేదా?" అన్నాడు. ఎవరూ చెప్పలేదు. అందరికీ తెలిసిన సంగతి ఎవరు చెప్తారు? ఏప్రిల్ ఇరవై అయిదున పూజ అనుకున్నారట. ఆ రోజు హీరోకి కుదరలేదు. మూడు రోజుల్లో మూఢం వచ్చి పడింది. నా జీతం అందులో ఇరుక్కుంది.

హరిణిగారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ మంచిదే అక్కా. కాఫీ ఇచ్చారు. "కొంచెం ఓపిక పట్టు, ఈలోగా వేరే సినిమా మాత్రం ఒప్పుకోకు, పూజ ఎప్పుడు పెట్టినా నువ్వు ఉండాలి" అన్నారు. ఆ గదిలో గోడకి ఆనించిన అద్దం మా రహమత్ నగర్ ముందు గదికన్నా పెద్దది. ఆవిడకి రెండు నెలలు ఆగడమంటే ఏముంది? నాకు చెప్పడానికి సిగ్గేసింది.

కాబట్టి ఏప్రిల్ నుంచి నాకు రాబడి ఒక్క రూపాయి లేదు. అద్దె మాత్రం నడుస్తోంది. నువ్వే ఆలోచించు. పిల్ల ఇప్పుడే వచ్చేస్తే హాస్టల్ ఖాళీ చేసేస్తాను, ఏడున్నర మిగులుతుంది. పనికి పిలుపు లేదు గనక దాన్ని నేనే చూసుకుంటాను, మనిషి అక్కర్లేదు. ఈ నెలలో బడిలో చేర్చేస్తాను. జులై దాకా ఆగితే చేతిలో ఉన్నదంతా తాళం వేసిన ఇంటికే పోతుంది. ఆ తర్వాత పిల్లని తెచ్చినా పెట్టడానికేమీ ఉండదు.

ఒక్కసారి, ఒకే ఒక్కసారి బావగారిని అడుగు. పాలు ముందే పొంగించాం గదా, మూఢంలో కాపురం పెడితే ఏమవుతుంది? ఏదైనా శాంతి చేయిస్తే పోతుందా? నేనే ఫోన్ చేద్దామని రెండుసార్లు నంబరు నొక్కి ఆపేశాను. నువ్వు వద్దన్నావు. పైగా కాకినాడ గుర్తొస్తోంది. ఆ ఇంట్లోకి వెళ్ళిన ఆరో నెలలో గదా రవిచంద్ర స్నానానికి వెళ్ళి పడిపోయాడు. అప్పుడు నవ్వింది నేనే. మళ్ళీ నవ్వలేను. బావగారు సరేనంటే చాలు, రేపే రైలెక్కుతాను.

తొందరగా రాయి అక్కా. స్పీడ్ పోస్టులో పంపు.

మనోజ


సామర్లకోట,
జూన్ 8.

మనోజకి,

అడిగాను. కుదరదన్నారు. శాంతులు అవీ దీనికి లేవట. పిల్ల ప్రాణానికి మంచిది కాదన్నారు.

పన్నెండున బడి తెరుస్తారు. నువ్వొచ్చేదాకా ఊరికే కూచోబెట్టడం ఎందుకని పాత బళ్ళోనే మూడో తరగతి పుస్తకాలు కొన్నాం. నువ్వు తీసుకెళ్ళేటప్పుడు తీసుకెళ్ళొచ్చు.

నాకు ఒంట్లో బాగాలేదు, ఎక్కువ రాయలేను.

అక్క


యూసుఫ్‌గూడ,
జులై 12.

అక్కా,

మూఢం వెళ్ళిపోయింది. వెళ్ళీ వెళ్ళకముందే ఆషాఢం వచ్చింది. మూలిగే నక్క మీద తాటిపండు. పూజ ఇంక శ్రావణంలోనే అన్నారు. ఆగస్టులో పూజ అయితే మొదటి జీతం సెప్టెంబరులో. నా దగ్గర మొన్నటికి నాలుగు వేల రెండు వందలున్నాయి.

ఇల్లు ఖాళీ చేసేశాను. ఖాళీ చెయ్యడానికి ఏముంది, అది ఖాళీగానే ఉంది! ఒక గిన్నె, ఒక చీపురు. ఇంటామె అడ్వాన్సులో జులై కిరాయి, రంగుల ఖర్చు పట్టుకుని పది వేలు చేతిలో పెట్టింది. ఆమెని ఏమీ అనలేను. ఆమెకీ ఆ కిరాయే ఆధారం. "మూడు నెలలు తాళమేసి కిరాయి కట్టినవ్, గిసొంటిదాన్ని నేనెన్నడు సూడలె. ఎందుకు రాలేదే?" అంది. మూఢమని చెప్పాను. "కిరాయింటికి మూఢమేంది బిడ్డా? సొంతిల్లు కట్టుకున్నోళ్ళు జూస్తరు గని. నువ్వెప్పుడొస్తె గప్పుడే మంచిరోజు" అంది. వాళ్ళ పద్ధతులు వేరేమో. కిందికి దిగి ఆటో ఎక్కేదాకా నిలబడే ఉంది పాపం.

బావగారితో చెప్పు. నేను ఒప్పుకుంటున్నాను. ఆయన చెప్పిన గడువు దాటి నెలయింది, మీరు దయతలచి అడగలేదు. పిల్లకి ఒక ఇల్లుండాలి, ఇంటిపేరుండాలి, బడి కాగితాల్లో తల్లీ తండ్రీ అని రాయడానికి ఇద్దరుండాలి. నా దగ్గర హాస్టల్లో మంచం ఉంది, అది కూడా నెలకి. మంచి రోజు చూసి చెప్పమను. వచ్చి ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను.

దానికి ఏం చెప్తావో నీ ఇష్టం. అమ్మ నిన్ను వదిలేసింది అని మాత్రం చెప్పొద్దు. నేను వదల్లేదు అక్కా. చాలా ప్రయత్నించాను.

మనోజ


సామర్లకోట,
జులై 20.

నా చెల్లెలికి,

ఈ ఉత్తరం ఏడుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఇది చదివాక నువ్వు నన్ను అక్కా అని పిలవకపోయినా సరే.

నీ మాట మీ బావకి చెప్పాను. ఆయన పంచాంగం తీసి, మళ్ళీ మూసి, "అయితే ఆ పిల్ల మూడు నెలలు ఇంటికి తాళమెందుకు వేసిందే?" అని అడిగారు. మూఢం గదా అన్నాను. నా మొహంలోకి చూశారు. "అద్దె ఇంటికి మూఢమేమిటి? ఉగాదినాడు నువ్వడిగితే చెప్పాను గదా, సొంత గృహప్రవేశానికే గానీ అద్దె కొంపకి పట్టింపు లేదని!" అన్నారు.

చెప్పారు మనోజా. ఉగాదినాడే చెప్పారు. నేను దాచాను. జూన్‌లో నువ్వు అడగమంటే అసలు అడగనే లేదు. పిల్ల ప్రాణానికి మంచిది కాదని నేనే రాశాను. ఏ నోటితో రాశానో, ఏ చేత్తో రాశానో!

నేను దాన్ని కాజేద్దామనుకోలేదు. నన్ను నమ్ము. ఇంకో రెండు నెలలు ఉంటుందనుకున్నాను, అంతే. ఎండాకాలం సెలవులు కూడా నా దగ్గరే గడిపితే చాలనుకున్నాను. అది వెళ్ళిపోతే ఈ ఇంట్లో నాకు ఏ చప్పుడూ ఉండదు. నీకు జీతం వస్తోంది గదా, రెండు నెలల అద్దె ఎక్కువైనా సర్దుకుంటావులే అనుకున్నాను. జీతం లేదని నువ్వు రాసిన రోజున చెప్పేయాల్సింది. ఆ రోజు అది నా ఒళ్ళో తల పెట్టుకుని ఉంది. చెప్పలేకపోయాను. పాపిష్టిదాన్ని.

ఇంకొకటి. కాకినాడ ఇల్లు కూడా అద్దెదే. అప్పుడూ ఆయన పట్టింపు లేదనే అన్నారు. నాకే భయమేసి వద్దన్నాను. రవిచంద్ర పోయింది మూఢం వల్ల కాదు, నీ నవ్వు వల్ల కాదు. నువ్వు అలా అనుకుంటున్నావని తెలిసీ ఆ భయాన్నే వాడుకున్నాను.

మీ బావ నాతో మాట్లాడి నాలుగు రోజులైంది. ఆయన మాట్లాడినా నాకు సగం వినపడదు గదా, మానేస్తే తేడా ఏముంటుందనుకున్నాను. ఉంది.

నాకు నాలుగు సన్నటి బంగారు గాజులున్నాయి. అమ్మేస్తాను. మళ్ళీ ఇల్లు చూడు, ఇదే నెలలో చూడు. పిల్లని నేనే తీసుకొచ్చి నీ చేతిలో పెట్టి వెళ్ళిపోతాను. దత్తత వద్దు, ఏమీ వద్దు. నీ కూతురు నీదే.

ప్రసూన


యూసుఫ్‌గూడ,
ఆగస్టు 3.

అక్కా,

అక్కా అనే రాస్తున్నాను. ఇంకేమని రాయాలో తెలీక.

నీ ఉత్తరం చదివిన రోజు నిన్ను నోటికొచ్చినట్టల్లా తిట్టుకున్నాను. మన అమ్మ పోయినప్పుడు నా జడ నువ్వు వేసిన సంగతి కూడా గుర్తొచ్చి, దానికీ తిట్టాను. మూడేళ్ళు నా మొగుణ్ణి నేనే చంపుకున్నానని ఏడ్చాను, నువ్వు చూస్తూ ఊరుకున్నావు. నువ్వు నిజం చెప్పి ఉంటే మే నెలలో నా కూతురు ఆ కిటికీ దగ్గర కూచుని ఊచలు లెక్కపెట్టుకునేది. ఆ రెండు నెలలు నువ్వు తినేశావు. ఈ మాట రాయకుండా మిగతాది రాయలేను, అందుకే రాశాను.

మర్నాడు హరిణిగారి దగ్గర బట్టలు సర్దే పని ఉంటే వెళ్ళాను. అక్కడ శ్రీనిధి అని, నాకన్నా ముందునుంచీ చేస్తున్న అసిస్టెంట్ ఉంది. తొమ్మిదేళ్ళయింది వచ్చి. మాటల్లో అడిగాను, ఏడాదికి ఎన్ని జీతాలొస్తాయని. "ఎన్నేంటి అక్కా, ఏడొస్తే గొప్ప! సినిమా అయిపోతే మళ్ళీ పూజ దాకా ఖాళీయే. నేను పెళ్ళి చేసుకోకుండా ఎందుకున్నాననుకున్నావ్?" అని నవ్వింది.

సాయంత్రం హాస్టల్‌కి వచ్చి మళ్ళీ లెక్కేశాను. ముప్పై రెండు వేలని ఏడుతో హెచ్చించి, పన్నెండుతో భాగించాను. నెలకి పద్దెనిమిది వేల ఆరు వందలు. అందులో పదమూడు అద్దె. మిగిలిన అయిదు వేల ఆరు వందల్లో పిల్ల, నేను, బడి, తిండి, దాన్ని చూసుకునే మనిషి. ఏప్రిల్‌లో నీకు రాసినప్పుడు నెల జీతం అంటే ప్రతి నెలా వచ్చేదనుకున్నాను. ఆ ఇంటామెకి ఉన్నపాటి తెలివి నాకు లేకపోయింది.

నువ్వు అబద్ధం చెప్పకుండా ఉంటే ఏమయ్యేదో కూడా లెక్కేశాను. మేలోనే పిల్లని తెచ్చుకునేదాన్ని. అక్కడా ఇక్కడా మిగిలినవి కలుపుకుని దసరా దాకా నెట్టుకొచ్చేదాన్ని. అప్పుడు బడి మధ్యలో మాన్పించి, దాన్ని ఏడిపిస్తూ మళ్ళీ నీ దగ్గరికే తీసుకొచ్చేదాన్ని. ఎన్నిసార్లు వేసినా అదే వస్తోంది. కాగితం తిప్పి కూడా వేశాను. నీ తప్పయితే బాగుండేది అక్కా. నీ మీద కోపంతోనైనా బతికేదాన్ని. నీ తప్పు తీసేసినా నా జీతం చాలడం లేదు.

గాజులు అమ్మకు. నాలుగు గాజులు మహా అయితే ఏడాది అద్దె. ఆ తర్వాత ఏం అమ్ముదాం?

బావగారు ఫోన్ చేశారు. నీ మాట ఎత్తకుండా, "నువ్వెలా చెప్తే అలాగేనమ్మా" అన్నారు. దత్తత కానిచ్చేయమన్నాను. ఈ నెల పంతొమ్మిదిన బావుందట. పూజ ఇరవై రెండున పెట్టారు, ముందురోజుకి నేనిక్కడ ఉండాలి. పద్దెనిమిదిన రాత్రి రైలెక్కి వచ్చి, పిల్లని నీ ఒళ్ళో కూచోబెట్టి, మర్నాడు వెళ్ళిపోతాను. బావగారితో మాట్లాడు. ఆయన మాట్లాడకపోతే ఎదురుగా వెళ్ళి నిలబడు. మీరిద్దరూ మాట్లాడుకోని ఇంట్లో నా పిల్లని పెట్టను.

నిన్ను క్షమించానో లేదో నాకు తెలీదు. అడగకు.

ఒక్కటి మాత్రం నా కోసం చెయ్యి. ఈ పదిహేను రోజుల్లో దానికి నన్ను పిన్ని అని పిలవడం నేర్పు. రోజూ అనిపించు. నోటికి బాగా అలవాటయ్యేదాకా అనిపించు. నేను వచ్చిన రోజున, అందరి ముందూ, అది పొరపాటున అమ్మా అంటే నేను ఇవ్వలేను.

మనోజ